కెమిస్ట్రీ లెక్క చెప్పుకోవడం కూడా సంఘం పనే

 

పోస్టు కొంచెం పొడుగుంటది. ఓపిక ఉన్నోళ్ళు ఇప్పుడే చదవండి, లేనోళ్ళు సేవ్ చేసుకొని తీరికగా చదవండి. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం వాళ్ళకు తప్పకుండా చూపించండి.

చందానగర్, లింగంపల్లి, మియాపూర్ చుట్టుపక్కల హాస్టళ్ళల్ల, కిరాయి రూముల్ల ఉండి ఇంటర్ చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నరు. ఆదివారం పూట కొంతమంది ఒక దగ్గర కూసొని కెమిస్ట్రీ లెక్కలు ఒకరికొకరు చెప్పుకుంటున్నరు. మిగతావాళ్ళను కూడా రమ్మని పిలిస్తే మనోళ్ళ నుంచే మూడు మాటలు వినబడుతున్నయ్.

ఒకటి: "సంఘం పని హక్కుల కోసం కొట్లాడుడు. ట్యూషన్లు చెప్పుడు కాదు."

రెండు: "ఎవడి చదువు వాడు చదువుకోవాలె. పక్కోడికి చెప్పుకుంట కూసుంటే నీ ర్యాంకు పోతది."

మూడు: "మనకు రిజర్వేషన్ ఉంది గద. పాసైతే చాలు."

ఈ మూడు మాటలూ మన పిల్లలను ముంచుతున్నయ్ అని నేనంటున్న. ఎందుకో ఒక్కొక్కటే చెప్త. మీకు వేరే అభిప్రాయం ఉంటే కింద రాయండి, కానీ మొత్తం చదివినంక రాయండి.

ముందు కెమిస్ట్రీయే ఎందుకు అనేది. సైన్సు వైపు వచ్చిన మన పిల్లలు ఎంపీసీలో ఉంటరు, లేకుంటే బైపీసీలో ఉంటరు. ఎంపీసీ పిల్లకు బోటనీ అక్కర్లేదు, బైపీసీ పిల్లగానికి మ్యాథ్స్ అక్కర్లేదు. కెమిస్ట్రీ మాత్రం ఇద్దరికీ తప్పదు. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకునే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే, ఇంజనీరింగ్ రాసినా అగ్రికల్చర్, ఫార్మసీ రాసినా 40 కెమిస్ట్రీవే. నీట్‌లో 720 మార్కులకు 180 కెమిస్ట్రీవి. జేఈఈ మెయిన్‌లో 300కు 100. అంటే ఒక గోండు పిల్ల డాక్టర్ కావాలనుకున్నా, ఒక లంబాడా పిల్లగాడు ఇంజనీర్ కావాలనుకున్నా, ఒక కోయ తమ్ముడు ఫార్మసీ చదవాలనుకున్నా ముగ్గురూ ఒకే పుస్తకం ముందు కూసోవాలె. మన మధ్య ఎన్ని పంచాయితీలు ఉన్నా, అందరం ఒక్క చాప మీద కూసోగలిగిన సబ్జెక్టు ఇది.

ఇగ చందానగర్ సంగతి. ముంబై హైవే మీద నారాయణఖేడ్, జహీరాబాద్ దిక్కు తండాల నుంచి వచ్చేటోళ్ళకు పట్నం మొదలయ్యేది ఇటు పక్కనే. ఎంఎంటీఎస్ ఎక్కితే చందానగర్ తర్వాత హఫీజ్‌పేట్, ఆ తర్వాత హైటెక్ సిటీ. ఆ అద్దాల బిల్డింగులకు ఇటుకలు మోసినోళ్ళల్ల మన అమ్మానాయినలు ఉన్నరు. ఇప్పుడు అవే బిల్డింగుల దగ్గర సెక్యూరిటీ, హౌస్ కీపింగ్, ఆటో నడుపుడు చేస్తున్నోళ్ళూ ఉన్నరు. "నా బిడ్డ ఈ గేటు లోపలికి ఐడీ కార్డు వేసుకొని పోవాలె" అని అప్పు తెచ్చి ఫీజు కడుతున్నరు. ఆ ఫీజుకు, ఆ ఐడీ కార్డుకు నడుమ ఏమున్నదంటే ఈ కెమిస్ట్రీ లెక్కల్లాంటివే ఉన్నయ్.

మనోళ్ళు ఎట్ల ఫెయిలైతరో దగ్గరి నుంచి చూసినోళ్ళకు తెలుసు. ఫెయిలు మార్చిలో మొదలు కాదు. ఫస్టియర్‌లో స్టాయికియోమెట్రీ పాఠం వస్తది. "మోల్" అనే మాట వస్తది. ఆ రోజు సమజ్ కాదు. క్లాసు నిండా పిల్లలు. చెయ్యెత్తి ఇంగ్లీషులో అడగాలంటే భయం, తెలుగులో అడిగితే నవ్వుతరేమో అని సిగ్గు. రూముకొచ్చి ఒక్కడే పుస్తకం తెరుస్తడు. ఇంకా సమజ్ కాదు. మోల్ రాకపోతే మోలారిటీ రాదు. మోలారిటీ రాకపోతే సెకండియర్‌లో ద్రావణాలు రావు. రెడాక్స్ రాకపోతే విద్యుత్ రసాయన శాస్త్రం రాదు. ఇంటి నుంచి ఫోన్ వస్తది. "చదువు ఎట్లుంది బిడ్డా?" అంటే "మంచిగుంది నాయినా" అంటడు. చలికాలం వచ్చేసరికి కెమిస్ట్రీ పీరియడ్ అంటేనే కడుపులో తిప్పుతది. మార్కులు వచ్చినంక ఆ పిల్లగాడు "నాకు బుర్ర లేదు" అనుకుంటడు. బయటోళ్ళు "వీళ్ళు ఇంతే" అంటరు.

రెండు మాటలూ అబద్ధం. మొదటి నెలల్లో ఒక మెట్టు దగ్గర ఆగిండు, అక్కడ అడగడానికి మనిషి లేకుండె. జరిగింది ఇంతే.

ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో 1970ల్లో యూరి ట్రైస్‌మన్ అనే గణితం చెప్పే ఆయన సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నడు. తమ స్కూళ్ళల్ల ముందు వరుసలో నిలబడ్డ నల్లజాతి పిల్లలు అక్కడికి వచ్చి క్యాల్‌క్యులస్‌లో దెబ్బతింటున్నరు. అదే క్లాసులో చైనా మూలాలున్న పిల్లలు మంచిగ చేస్తున్నరు. తోటి అధ్యాపకులను అడిగితే "వాళ్ళకు పట్టుదల తక్కువ, ఇండ్లల్ల చదువు లేదు, పునాది లేదు, పేదరికం" అన్నరు. మన గురించి అనే మాటలే, గుర్తుపట్టిండ్రు గద. ఆయన ఆ మాటలు నమ్మలేదు. పిల్లలు ఎట్ల చదువుతున్నరో వాళ్ళ వెంట ఉండి చూసిండు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నరు, హోంవర్క్ చేస్తున్నరు, కానీ ఎవరికి వారే ఒంటరిగా చదువుతున్నరు. చదువు వేరు, దోస్తానా వేరు అన్నట్టుగా ఉన్నరు. చైనా పిల్లలు మొదలు ఎవరికి వారు చేసుకొని, తర్వాత కలిసి కూసొని జవాబులు పోల్చుకుంటున్నరు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నరు, సాయంత్రం కూడా కలిసే తింటున్నరు.

అప్పుడు ఆయన ఏం చేసిండు? "వెనుకబడ్డోళ్ళ కోసం సులువు క్లాసు" పెట్టలేదు. కష్టమైన లెక్కలు ఇచ్చి, కలిసి కూసొని చెయ్యమన్నడు. ఆ వర్క్‌షాపుల్ల కూసున్న నల్లజాతి పిల్లల ఫలితాలు బాగా పెరిగినయ్. పిల్లలు మారలేదు, సిలబస్ మారలేదు, పరీక్ష మారలేదు. కూసునే పద్ధతి ఒక్కటి మారింది. మన పిల్లలకు బుర్ర లేదనేటోళ్ళకు నేను ఇచ్చే జవాబు ఇదే. ఇంకో సంగతి కూడా ఉంది. మన పిల్లలకు సాయం అంటే "లైట్ సిలబస్" ఇచ్చుడు అనుకునేటోళ్ళు వాళ్ళను ఇంకింత కిందికి తోస్తున్నరు.

ఇగ ర్యాంకు సంగతి. "పక్కోడికి చెప్తే నా ర్యాంకు పోతది" అనే మాట మన తండాల్ల, గూడేలల్ల పుట్టింది కాదు. పొలం పనికి బదులు పోయేటోళ్ళం మనం. నీ చేనుకు నేనొస్త, నా చేనుకు నువ్వు రా అనుకొని బతికినోళ్ళం. గోడల మీద ర్యాంకుల ఫొటోలు అంటించి పిల్లలను అమ్ముకునే వ్యాపారం నేర్పింది ఈ మాట. పక్క బెంచీ వాడు శత్రువు అని చెప్తే వాళ్ళకు లాభం. సెక్షన్లు విడగొట్టొచ్చు, "పై సెక్షన్" అని ఎక్కువ ఫీజు అడగొచ్చు. మనకేం లాభం?

లెక్క వేసి చూడండి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌కు రెండు లక్షల మందికి పైగా పోటీ పడుతున్నరు. నీ రూములో నీతో పాటు ముగ్గురున్నరు. ఆ ముగ్గురికీ నువ్వు అన్నీ నేర్పి, ముగ్గురూ నిన్ను దాటిపోయిండ్రే అనుకో. నీ ర్యాంకు ఎంత తగ్గుతది? మూడు. అదే ముగ్గురితో కూసొని నీకు రాని నాలుగు ప్రశ్నలు నేర్చుకున్నవనుకో, నాలుగు మార్కులకు ఎన్ని వేల ర్యాంకులు ఎగబాకుతవో ఏ లెక్చరర్‌నైనా అడుగు. దాచుకున్నోడే నష్టపోయేటి బేరం ఇది.

పైగా చెప్పేటోడికే ఎక్కువ వస్తది. నీకు సమజ్ అయ్యిందా లేదా అనేది పక్కోడు "ఎందుకు?" అని అడిగినప్పుడే తెలుస్తది. సూత్రం బట్టీ పట్టినోడు రెండో "ఎందుకు" దగ్గర ఆగిపోతడు. ఆగిన దగ్గర మళ్ళా పుస్తకం తెరుస్తడు. అదే అసలు చదువు.

అయితే సాయం అంటే ఏందో కూడా మాట్లాడుకోవాలె. మనోళ్ళల్ల చాలామందికి సాయం అంటే నోట్సు ఇచ్చుడు. "ఇగో, రాసుకో." రాసుకుంటడు. జవాబు చేతికి వస్తది, తలకు రాదు. ఇది సాయం కాదు, రేపటి ఫెయిలును ఇంకో వారం ముందుకు జరుపుడు.

ఒక లెక్క తీసుకుందాం. 28 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ కలిపి పూర్తిగా చర్య జరిగితే ఎన్ని గ్రాముల అమ్మోనియా వస్తది? ఒక పిల్లగాడు 38 గ్రాములు అన్నడనుకోండి. జవాబు 34. నోట్సు ఇచ్చే అన్న ఏం చేస్తడు? 38 కొట్టేసి 34 రాసి ఇస్తడు. పిల్లగాడు నోరు మూసుకుంటడు.

కానీ పక్కన కూసున్నోడు "38 ఎట్ల వచ్చింది రా?" అని అడిగితే వాడు ఏమంటడో వినండి. "ద్రవ్యరాశి నిత్యత్వం అని చదివినం గద. లోపలికి 28, 10 పోతే బయటికి 38 రావాలె గద?" చూసిండ్రా, వాడు మొద్దు కాదు. రసాయన శాస్త్రంలో అన్నిటికన్నా పెద్ద నియమాల్ల ఒకదాన్ని వాడు గుర్తు పెట్టుకొని వాడిండు. ఒక్క సంగతి మాత్రం మర్చిపోయిండు, అన్నీ ఖర్చు కావాలని లేదు.

అప్పుడు వాళ్ళ నాయిన నడిపే ఆటో గురించే అడగాలె. ఒక ఆటో బాడీకి మూడు చక్రాలు. నీ దగ్గర ఒక బాడీ, ఐదు చక్రాలు ఉన్నయ్. ఎన్ని ఆటోలు అయితయ్? ఒక్కటే. రెండు చక్రాలు మిగుల్తయ్. ఇక్కడ కూడా అంతే. 28 గ్రాముల నైట్రోజన్ అంటే ఒక మోల్. 10 గ్రాముల హైడ్రోజన్ అంటే ఐదు మోల్‌లు. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్‌ల హైడ్రోజన్ చాలు. రెండు మోల్‌లు, అంటే 4 గ్రాములు, ఊరికే మిగుల్తయ్. అమ్మోనియా రెండు మోల్‌లు, 34 గ్రాములు. 34, మిగిలిన 4 కలిపితే మళ్ళా 38. వాడు నమ్మిన నియమం తప్పు కాలేదు, వాడూ తప్పు కాలేదు. ఇప్పుడు లిమిటింగ్ రీఏజెంట్ అనే మాట వాడికి జీవితంలో మర్చిపోయేటట్టు లేదు.

34 అని ఫొటో తీసి ఇస్తే వాడికి ఏం మిగిలేది? "నేను నమ్మినవన్నీ తప్పే" అనే భయం మిగిలేది. అందుకే అంటున్న, జవాబు ఇచ్చుడు కన్నా "నీకు అట్ల ఎందుకు అనిపించింది" అని అడుగుడు పెద్ద సాయం. తప్పు జవాబు వెనుక పదిసార్లల్ల ఎనిమిదిసార్లు ఒక తెలివైన ఆలోచన ఉంటది. దాన్ని పట్టుకోవాలంటే పక్కన కూసోవాలె.

ఇంకోటి. "18 గ్రాముల నీళ్ళు ఎన్ని లీటర్లు?" అని అడగండి. బట్టీ పట్టినోడు టక్కున "ఒక మోల్, కాబట్టి 22.4 లీటర్లు" అంటడు. ఇరవై రెండు లీటర్లంటే వాటర్ క్యాన్ కన్నా ఎక్కువ. 18 గ్రాముల నీళ్ళు రెండు మూడు చెంచాలు, 18 మిల్లీలీటర్లు. 22.4 అనేది ఎస్‌టీపీ దగ్గర వాయువుకు మాత్రమే. ఒక్కడే చదివేటోడికి ఈ తప్పు తెల్వదు, ఎందుకంటే కాగితం మీద నీళ్ళు కనబడవు. నలుగురున్న దగ్గర ఎవడో ఒకడు క్యాన్ దిక్కు చూసి నవ్వుతడు. ఆ నవ్వుతో పాఠం అయిపోతది.

భాష సంగతి వేరేగా చెప్పాలె, ఎందుకంటే ఇది మనకే ఉన్న బరువు. ఇంట్లో గోర్ బోలీ, గోండీ, కోయ. బడిలో తెలుగు. ఇంటర్‌కు రాంగనే ఇంగ్లీషు. తెలుగు మీడియంలో "క్షయకరణం" అని చదివినోడికి ఇక్కడ "రిడక్షన్" అంటరు. రెండింటికీ అర్థం తగ్గుడే. కానీ పుస్తకంలో "ఎలక్ట్రాన్లు గ్రహించడమే క్షయకరణం" అని ఉంటది. ఎలక్ట్రాన్లు పెరిగితే తగ్గుడు ఎట్లయితది? ఇది ఎంత మంచి ప్రశ్న! దీన్ని క్లాసులో అడిగే ధైర్యం మన పిల్లకు ఉండదు. రూములో తన భాషలో అడుగుతది. అప్పుడు ఇంకో పిల్ల చెప్తది: ఎలక్ట్రాన్‌కు ఉన్నది రుణావేశం. అది వచ్చి చేరితే ఆక్సీకరణ సంఖ్య తగ్గుతది. పొటాషియం పర్మాంగనేట్‌లో మాంగనీస్ ప్లస్ ఏడు. ఆమ్ల యానకంలో ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటే ప్లస్ రెండు. ఏడు నుంచి రెండుకు వచ్చింది, తగ్గింది. పేరు సరిగ్గనే పెట్టిండ్రు. ఈ రెండు నిమిషాల మాట ఏ స్టడీ మెటీరియల్‌లో దొరకదు, ఎందుకంటే మూడు భాషల నడుమ చిక్కుకున్న పిల్ల కోసం ఆ మెటీరియల్ రాయలేదు. ఆ దారిలో నడిచినోళ్ళే చెప్పాలె.

"యూట్యూబ్ ఉంది గద" అనేటోళ్ళకు కూడా ఇదే జవాబు. యూట్యూబ్ చెప్తది, మంచిగనే చెప్తది. కానీ "38 ఎందుకు అనుకున్నవ్?" అని అది నిన్ను అడగదు.

ఇగ రిజర్వేషన్. మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం అయ్యింది 2022లో. అది ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది. ఈఏపీసెట్‌లో మిగతావాళ్ళకు ర్యాంకు ఇయ్యాలంటే 25 శాతం మార్కులు రావాలె, ఎస్సీ ఎస్టీలకు ఆ నిబంధన లేదు. ఇవన్నీ మన హక్కులు, ఎవరి దయా కాదు. సిగ్గుపడే పని అసలే లేదు.

కానీ రిజర్వేషన్ చేసేది గేటు తెరుచుడు. గేటు దాటినంక జేఎన్‌టీయూ బీటెక్ ఫస్టియర్‌లోనే ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ఎదురైతది. ఎంబీబీఎస్‌కు పోతే మొదటి సంవత్సరమే బయోకెమిస్ట్రీ. అక్కడ ఎస్టీ పేపర్ అని వేరే ఇయ్యరు. ఇంటర్‌లో ఒక్కో సంవత్సరం కెమిస్ట్రీ థియరీ 60 మార్కులు, 21 వస్తే పాస్. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు రాస్తే పేపర్ అయిపోతది. లెక్కలు మొత్తం వదిలేసి, "ఇంపార్టెంట్ క్వశ్చన్లు" బట్టీ పట్టి 21 దాటొచ్చు. "పాసైతే చాలు" అనేటోళ్ళు పిల్లలకు నేర్పుతున్నది ఇదే. ఆ పిల్ల సీటు తెచ్చుకొని, పునాది లేక బ్యాక్‌లాగ్‌లు పడి మధ్యలో ఇంటికి వస్తే అప్పుడు ఎవరు నవ్వుతరు? "రిజర్వేషన్ వాళ్ళు గింతే" అనేటోడే నవ్వుతడు. వాడి నోరు మూయాలంటే సీటు ఒక్కటే సరిపోదు, ఆ సీట్ల మన పిల్ల నిలబడాలె. నిలబడడానికి కావలసినంత చదువు ఇంటర్‌లోనే పడాలె.

ఇప్పుడు మొదటి మాటకు వస్త. "సంఘం పని కొట్లాడుడు." అవును, కొట్లాడాలె. ఏజెన్సీ ప్రాంతాల బడుల్ల టీచర్ పోస్టులు వందకు వంద స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద మనం ధర్నాలు చేసినం, చేస్తనే ఉంటం. కానీ ఒక్క మాట ఆలోచించండి. రేపు ఆ హక్కు తిరిగి వచ్చినా, కెమిస్ట్రీ చెప్పే టీచర్ ఎక్కడి నుంచి వస్తడు? ఇంటర్‌లో కెమిస్ట్రీ దాటి, బీఎస్సీ చేసి, బీఎడ్ చేసిన మన పిల్ల ఉంటేనే వస్తది. పోస్టు కోసం కొట్లాడుడు, ఆ పోస్టుకు మనిషిని తయారు చేసుడు వేరే వేరే పనులు కావు.

మనోళ్ళే మనోళ్ళకు చెప్పుడు కొత్త సంగతి కూడా కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగినంక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టిండ్రు. గోండీలోనే వాచకాలు తయారైనయ్. అక్కడికి వచ్చిన పిల్లగాళ్ళు పెద్ద పెద్ద డిగ్రీలు ఉన్నోళ్ళు కాదు. అక్షరం నేర్చుకున్నోడు ఇంకో గూడేనికి పోయి అక్షరం చెప్పిండు. ఆ రోజు ఎవరూ "ఇది సంఘం పనేనా?" అని అడగలేదు. ఇవాళ మనకు అక్షరం వచ్చింది, ఆగింది మోల్ దగ్గర. అప్పుడు అక్షరానికి చేసిన పనే ఇప్పుడు మోల్‌కు చెయ్యాలె.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచను. "పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటున్నరు గద, ఇంక లెక్చరర్ ఎందుకు?" అని ప్రభుత్వం తప్పించుకోకూడదు. లెక్చరర్ లేని జూనియర్ కాలేజీ, తాళం తెరవని ల్యాబ్, కెమిస్ట్రీకి గెస్ట్ ఫ్యాకల్టీ రాక నెలలు గడిచే హాస్టల్ ఎక్కడున్నా దాని మీద అర్జీ పెట్టుడు ఆగకూడదు. మనం చేసేది లెక్చరర్‌కు బదులు కాదు. లెక్చరర్ చెప్పినంక రూములో మిగిలే సందేహానికి మాత్రమే మనం. ఇంకో మాట, కలిసి కూసున్న పిల్లలకే ఏ పాఠం జరగలేదో తెలుస్తది. ఏ కాలేజీల ఏ చాప్టర్ చెప్పకుండ దాటేసిండ్రో నలుగురు పుస్తకాలు పక్కపక్కన పెడితే బయటపడుతది. ఆ లిస్టు పట్టుకొని పోయి అడిగితే ఏ ఆఫీసరూ "మీకేం తెలుసు" అనలేడు.

"తెలియనోడు తెలియనోడికి తప్పు చెప్తే?" అనేది సరైన అనుమానం. దానికి పద్ధతి పెట్టుకోవాలె. తెలుగు అకాడమీ పుస్తకం మధ్యల ఉండాలె. వాదన వస్తే గొంతు పెద్దగున్నోడి మాట కాదు, పుస్తకం మాట నిలబడాలె. ప్రతి లెక్కకు యూనిట్లు రాయాలె. 4.9 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 500 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపితే మోలారిటీ 0.1 వస్తది. 500ను లీటర్లలోకి మార్చకపోతే 0.0001 వస్తది. యూనిట్లు రాసినోడికి ఈ తప్పు తనకు తానే కనబడుతది. ఇద్దరికీ తేలని ప్రశ్నను పక్కకు రాసిపెట్టి సోమవారం లెక్చరర్‌ను అడగాలె. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అక్కడ కెమిస్ట్రీ చదివే మన అన్నలు, అక్కలు నెలకు ఒక్క ఆదివారం లింగంపల్లి దాకా రాలేరా? వచ్చినప్పుడు కొత్త పాఠం చెప్పొద్దు, పక్కకు రాసిపెట్టిన ప్రశ్నలు తేల్చిపోతే చాలు.

ఆడపిల్లల సంగతి మర్చిపోతే ఈ పోస్టుకు అర్థం లేదు. మగపిల్లలు రాత్రి పది గంటలకు కూసుంటరు, టీ తాగుకుంట ఒంటిగంట దాకా చెప్పుకుంటరు. ఆడపిల్లల హాస్టల్ గేటు చీకటి పడంగనే మూస్తరు. అట్లయితే సాయం సగం మందికే. కాబట్టి కూసునేది పగటిపూట కావాలె, నలుగురికీ కనబడే జాగా కావాలె, చెప్పేటోళ్ళల్ల అక్కలు ఉండాలె. ఒక్కసారి ఇంటర్ తప్పిన మగపిల్లగాడు మళ్ళా సప్లిమెంటరీ రాస్తడు. ఆడపిల్ల తప్పితే చాలా ఇండ్లల్ల సంబంధాలు చూసుడు మొదలుపెడతరు. ఆమెకు ఆ 21 మార్కులు అంటే ఇంకో నాలుగేండ్ల జీవితం.

చివరికి ఇంకో సంగతి, మెల్లగా చెప్త. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మూడు లక్షల మందికి పైగా ఫెయిల్ అని చూపించిండ్రు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేసి, తర్వాత 99 అన్నరు. ఆ రోజుల్ల ఇరవై మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నం. మార్కుల మెమో తప్పు కూడా కావచ్చు అని, తప్పు కాకపోయినా అది మనిషి విలువ కాదని ఆ పిల్లలకు చెప్పేటోళ్ళు ఆ గంటల పక్కన ఉంటే బాగుండు. వారం వారం కలిసి కూసునే నలుగురికి, అయిదోవాడు రాకపోతే తెలుస్తది. ఎందుకు రాలేదని రూముకు పోయి చూస్తరు. కెమిస్ట్రీ వంకతో మనం ఏర్పాటు చేసుకునేది ఈ చూపు కూడా. ఎవరికైనా మనసు బరువుగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, డబ్బులు అడగరు. మాలో ఎవరికి ఫోన్ చేసినా పర్వాలేదు.

కాబట్టి నేను అడిగేది పెద్దగా ఏం లేదు.

ఒక రూములో నలుగురు, మహా అంటే అయిదుగురు. ఆదివారం పొద్దున రెండు గంటలు. ముందు ఎవరికి వారు ఇంట్ల చేసి తేవాలె. రాకపోయినా ప్రయత్నం చేసి తేవాలె. నోట్సు ఇచ్చుడు బంద్. జవాబు చెప్పే ముందు "నీకు ఏమనిపించింది?" అని అడగాలె. తప్పు చెప్పినోడిని ఎవరూ ఎక్కిరించొద్దు. సులువు లెక్కతో మొదలుపెట్టినా కష్టమైన లెక్క ఒకటి చేసే లేవాలె. సెకండియర్ వాళ్ళు ఫస్టియర్ వాళ్ళకు, ఇంటర్ అయిపోయినోళ్ళు సెకండియర్ వాళ్ళకు. సంఘం పెద్దలు చెయ్యాల్సింది కూసునే జాగా చూపించుడు, ఆడపిల్లల ఇండ్లకు, హాస్టల్ వార్డెన్‌కు ఒక మాట చెప్పుడు.

చందానగర్, లింగంపల్లి, మియాపూర్, హఫీజ్‌పేట్‌లో ఉన్నోళ్ళు కింద మీ ఏరియా పేరు, మీ గ్రూపు ఎంపీసీనా బైపీసీనా రాయండి. ఫోన్ నంబర్లు, ముఖ్యంగా ఆడపిల్లల నంబర్లు, ఇక్కడ పెట్టొద్దు, అడ్మిన్లకు పంపండి. జాగా ఇయ్యగలిగినోళ్ళు కూడా చెప్పండి. ఊర్ల ఉన్నోళ్ళు, ఉట్నూరు, భద్రాచలం, మహబూబాబాద్, దేవరకొండ ఎక్కడైనా సరే, ఇట్లనే మొదలుపెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటి వారం స్టాయికియోమెట్రీ. మోల్‌తో మొదలు.